అల్లుడి చేతిలో మైకు

మా అత్త ఎవరి మాటా పడే మనిషి కాదు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే నేను ఆవిడ కోడల్ని. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు నేను తువ్వాలు మడత పెడితే, దాన్ని విప్పి, దులిపి, మళ్ళీ మడిచి నా చేతిలో పెట్టింది. "మడతంటే ఇదీ" అంది. మరి అంతకుముందు నేను పెట్టినదాన్ని ఏమనాలో ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆవిడది పెద్దాసుపత్రి లాండ్రీలో ఉద్యోగం. ఆసుపత్రి వెనకవైపు వంటశాలకీ మందుల గోడౌనుకీ మధ్య ఒక పొడుగాటి రేకుల షెడ్డు ఉంటుంది. పొద్దున్నే వార్డుల నుంచి తోపుడుబండ్ల మీద దుప్పట్ల మూటలు వస్తాయి. ముందు వాటిని వేరు చేయాలి. రక్తం మరకలున్నవి చన్నీళ్ళ తొట్లోకి, మామూలువి వేన్నీళ్ళలోకి, ఆపరేషన్ థియేటర్ గుడ్డలు విడిగా ఆవిరి పెట్టెలోకి. రక్తం మరకకి వేన్నీళ్ళు తగిలితే అది ఇక జన్మలో వదలదు. ఎవరైనా పరధ్యానంగా రెండూ కలిపారంటే మా అత్త గొంతు కాన్పుల వార్డు దాకా వినపడేది. షెడ్డులో రెండు బాయిలర్లున్నాయనీ, ఒకటి నీళ్ళు కాస్తుందనీ, రెండోది మనుషుల్ని కాస్తుందనీ అక్కడివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆవిడ పేరే బాయిలరమ్మ అయిపోయింది.

ఒకసారి ఒక డాక్టరుగారు దుప్పటి మీద ఇంకు ఒలకబోసి, చడీచప్పుడు కాకుండా మూటలో కలిపి పంపించేశారట. ఈవిడ ఆ దుప్పటి పట్టుకుని నేరుగా ఆయన గదికి వెళ్ళింది. "ఇది ఏ పేషెంటు రక్తం సార్? నీలంగా ఉంది. జబ్బేమైనా ముదిరిందేమో, ఒకసారి చూడండి" అంది. ఆ తర్వాత ఆయన పెన్ను మూత తీసేటప్పుడు కూడా దుప్పటికి దూరంగా జరిగేవాడని నర్సులు చెప్పారు.

తడిసిన దుప్పట్లు పిండీ పిండీ ఆవిడ మణికట్లు గట్టిపడిపోయాయి. మా ఇంట్లో బిగుసుకుపోయిన సీసా మూత ఏదైనా ఉంటే ఆవిడ డ్యూటీ నుంచి వచ్చేదాకా అలాగే ఉంటుంది. వీధిలో వాళ్ళూ సీసాలు తెచ్చి మా గడప దగ్గర పెట్టి పోతారు. ఆవిడ చేతిలో పడ్డది ఆవిడ వదిలితే తప్ప ఊడిరాదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

ఇంతటి మనిషి ఒకే ఒక్కడి ముందు మెత్తబడేది. ఆయన మా ఆడపడుచు మొగుడు, టీవీ చానల్లో రిపోర్టరు.

పెళ్ళయ్యాక మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని, గోడ గడియారం చూసి, తన చేతి వాచీ చూసుకుని, "అత్తయ్యా, మీ గడియారం పది నిమిషాలు ముందుంది" అన్నాడు. గడియారం బంగారంలా నడుస్తోంది. వెనకబడింది ఆయన వాచీ. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మా అత్తకి ఇంకా బాగా తెలుసు, డ్యూటీకి ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళిన మనిషి కాదు. అయినా ముక్కాలిపీట వేసుకుని ఎక్కి, "అవును బాబూ, మీరన్నట్టే" అని ముల్లు వెనక్కి తిప్పింది. మర్నాడు మా ఆయనకి బస్సు తప్పిపోయింది. ఆ రోజు నుంచీ మా ఇంటి గడియారం వెనకే నడుస్తోంది. మేమందరం దాన్ని చూసి మనసులో పది కలుపుకోవడం అలవాటు చేసుకున్నాం.

ఆయన టీలో పంచదార ఎక్కువైందంటే మీరన్నట్టే. ఎండగా ఉన్నప్పుడు వాన వస్తుందంటే మీరన్నట్టే. నాకు ఒళ్ళు మండేది. నేను ఉప్పు సరిపోయిందంటే కూడా ఇంకో రెండు రాళ్ళు వేసే మనిషి, ఆయన ముందు వెన్నపూస అయిపోతుందేమిటని. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. ఆవిడ దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి, మడత పెట్టడానికి వెనక్కి జరుగుతూ చెప్పింది.

"పిల్ల వాళ్ళింట్లో ఉందే. నేనిక్కడ ఒకటంటే అదక్కడ పది పడాలి."

"అన్నయ్య అలాంటివాడేం కాదు కదా అత్తయ్యా."

"కాకపోతే మంచిదే. నా జాగ్రత్తలో నేనుంటాను."

ఆ తర్వాత నేను ఆ విషయం ఎత్తలేదు.

ఇలా ఉండగా నగర పాలక మండలి వాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. ఆసుపత్రి లాండ్రీని మూసేసి, ఉతుకుడు పనంతా ఊరి బయట ఉన్న ఒక కాంట్రాక్టరుకి అప్పజెప్పాలని. పక్క ఊళ్ళో అప్పటికే అలా ఇచ్చేశారు. అక్కడ దుప్పట్లు సగం తడితో, పాత మరకలతో తిరిగొస్తున్నాయని, పుళ్ళున్న పేషెంట్లు ఇంటి నుంచి దుప్పట్లు తెచ్చుకుంటున్నారని మా వాళ్ళు స్వయంగా వెళ్ళి చూసొచ్చారు. మండలికి అర్జీ పెడితే జవాబు లేదు. దాంతో లాండ్రీ వాళ్ళంతా ఆసుపత్రి గేటు పక్కన టెంటు వేసుకుని కూర్చున్నారు. పాతబడి చిరిగిన దుప్పట్లు రెండు కలిపి కుట్టి, దాని మీద 'లాండ్రీ ఆసుపత్రిదే' అని రాసి కట్టారు.

ఒక్క విషయంలో మాత్రం మొదటిరోజే అందరూ ఒక మాట మీదకి వచ్చారు. థియేటర్ గుడ్డలూ కాన్పుల వార్డు గుడ్డలూ ఆపకూడదు. నలుగురు షెడ్డులో ఉతుకుతుంటే మిగతావాళ్ళు గేటు దగ్గర కూర్చోవాలి, పూట పూటకీ మారాలి. ఆ మాట పెట్టింది మా అత్తే. "మన గొడవ మండలితో. కడుపు కోయించుకున్నవాళ్ళతో కాదు" అంది.

ఆ గేటుకి ఎదురుగా నాది జెరాక్స్ కొట్టు. వాళ్ళ కరపత్రాలు నేనే తీసిచ్చేదాన్ని. బేరం లేనప్పుడు గడప మీద కూర్చుని టెంటు వైపు చూసేదాన్ని. కాబట్టి విలేకరులు వచ్చినప్పుడు జరిగిందంతా నేను కళ్ళారా చూసిందే తప్ప ఒకరు చెప్పగా విన్నది కాదు.

మొదట వచ్చిన చానల్ వాళ్ళు మమ్మల్ని చూసి నిరాశపడ్డారు. రాళ్ళు లేవు, తోపులాట లేదు, అరుపులు కూడా వాళ్ళు కెమెరా బిగించేలోగా అయిపోయాయి. "మళ్ళీ ఒకసారి అరవండి, ఈసారి కోపంగా" అన్నారు. అరిచారు. చాలలేదన్నారు. మైకు పట్టుకున్న అమ్మాయి టెంటులోకి తొంగిచూసి, "మీలో భర్త లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? కాస్త కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు?" అని అడిగింది. ఇస్త్రీ దగ్గర పనిచేసే ఆవిడ, "ఉన్నాడమ్మా, ఉండే ఏడిపిస్తున్నాడు. అది పనికొస్తుందా?" అంది. పనికిరాలేదు. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇంకొకాయన వచ్చాడు. లీడరక్క ముందుకు వెళ్ళింది. లీడరక్కంటే వాళ్ళ సంఘం నాయకురాలు, అందరూ అలాగే పిలుస్తారు. కాంట్రాక్టు కాగితాలన్నీ చదివి, ఏ షరతు ఎందుకు తప్పో వేళ్ళ మీద చెప్పగలదు. ఆయన ఆవిడని పక్కకి తప్పుకోమని, మూల కూర్చున్న ఒక ముసలావిడ ముందు మైకు పెట్టాడు. "కాంట్రాక్టులో మూడో షరతు ఏమిటో తెలుసా అమ్మా?" అని అడిగాడు. ముసలావిడ బిక్కముఖం వేసింది. లీడరక్క పక్క నుంచి చెప్పబోతే, "మీరు కాదండీ, ఆవిడే చెప్పాలి" అని కెమెరా ఇటు తిరగనివ్వలేదు. ఆయనకి కావలసింది మూడో షరతు కాదు, ఆ బిక్కముఖం. సాయంత్రం టీవీలో అదే వచ్చింది. 'దేనికి ధర్నా? వాళ్ళకే తెలియదు' అని కింద అక్షరాలు.

ప్రశ్నంటే తెలియనిది తెలుసుకోవడానికి అడిగేదని నేను చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నాను. వీళ్ళు జవాబు జేబులో పెట్టుకుని వచ్చి, అది మన నోట్లోంచి ఊడిపడేదాకా అడుగుతారు. ఒక పత్రిక ముసలాయన మాత్రం మధ్యాహ్నమంతా చాప మీద కూర్చుని, షెడ్డులోకి వెళ్ళి ఆవిరికి కళ్ళజోడు మసకబారేదాకా చూసొచ్చాడు. ఆయన రాసింది లోపలి పేజీలో, బావి మోటార్ల ప్రకటన పక్కన, నాలుగు ముక్కలు వచ్చింది.

ఆ రోజుతో లీడరక్క ఒక కట్టుబాటు పెట్టింది. ఎవరు మైకు తెచ్చినా తను తప్ప ఇంకెవరూ నోరు మెదపకూడదు. అందరూ సరేనన్నారు. ఆ కట్టుబాటు నిలబడి ఉంటే ఈ కథే లేదు.

రెండ్రోజులకి మా అన్నయ్యగారు వచ్చారు. అదే, అల్లుడుగారు. చానల్ బండి గేటు దగ్గర ఆగి, ఆయన దిగగానే టెంటులో ఒకటే సందడి. "బాయిలరమ్మ అల్లుడు. మన అల్లుడే." కుర్చీ వేశారు, టీ తెప్పించారు. లీడరక్క కూడా, "ఇంతకాలానికి మనవాడొకడు వచ్చాడు. నువ్వే మాట్లాడమ్మా, నీ అల్లుడు నీ మాట పాడుచేస్తాడా" అని మా అత్తని తనే ముందుకి తోసింది. వాళ్ళు చేసిన పొరపాటు అదే. అల్లుడి ముందు మా అత్త ఎలా ఉంటుందో వాళ్ళలో ఎవరూ చూడలేదు. చూసినదాన్ని నేను, రోడ్డుకి ఇవతల ఎవరివో మార్కుల కాగితాలు జెరాక్స్ తీస్తున్నాను. తీసిచ్చి రోడ్డు దాటేసరికి కెమెరా తిరుగుతోంది.

ఇంట్లో 'అత్తయ్యా' అనే మనిషి గేటు దగ్గర 'అమ్మా' అన్నాడు.

"అమ్మా, ఈ ధర్నాకి మిమ్మల్ని ఎవరో రమ్మంటేనే వచ్చారు కదా?"

మా అత్త ముఖంలోకి ఆ పాత మెత్తదనం వచ్చేసింది. "అవును బాబూ, మీరన్నట్టే" అంది.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. నేను సరిగ్గా ఆయన ముఖమే చూస్తున్నాను. ఆవిడ ఏం అన్నదో, ఎందుకన్నదో ఆయనకి తెలుసు. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో కుర్చీలో కూర్చుని విన్న మాటే కదా. అక్కడితో ఆపి నవ్వేసి, "అలా కాదు అత్తయ్యా, అసలు సంగతి చెప్పండి" అని ఉంటే ఆయనకి నేను ఇవాళ్టికీ టీ కలిపి ఇచ్చేదాన్ని. ఆయన కెమెరా అతని వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని రెండో ప్రశ్న అడిగాడు.

"దీనివల్ల పేషెంట్లు ఇబ్బంది పడుతున్నారు కదమ్మా?"

"మీరన్నట్టే బాబూ."

"యూనియన్ వాళ్ళకి భయపడి కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారు కదా?"

"మీరన్నట్టే."

నేను "అత్తయ్యా" అని కేక వేసేలోగా మైకు వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన తన టీ కూడా తాగకుండా బండెక్కాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. మా అత్త ముఖం తెరంతా ఉంది. 'రమ్మంటే వచ్చాం: నిజం ఒప్పుకున్న కార్మికురాలు.' మా ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికిరా?" అంది మా అత్త.

"బావ దగ్గరికి. రెండు తగిలించి వస్తాను."

"కూర్చో. ఆ మాట అన్నది నేను. నాకు తగిలించు ముందు."

మా ఆయన చెప్పులు విడిచి కూర్చున్నాడు. ఆవిడ టీవీ కట్టేసి, ఆరిన బట్టలు తెచ్చుకుని మడత పెట్టడం మొదలుపెట్టింది. ఒక తువ్వాలు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. నా కళ్ళ ముందు ఆవిడ మడత కుదరకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు టెంటులో ఎవరూ ఆవిడని పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది. చాప మీద ఆవిడకి చోటిచ్చారు గాని, కాస్త ఎక్కువ చోటిచ్చారు. ఎవరి మోకాలూ ఆవిడ మోకాలికి తగలడం లేదు. మండలి అధ్యక్షుడు ఆ క్లిప్పింగు సభలో అందరికీ వేసి చూపించాడని, ఇది ఎవరో ఆడిస్తున్న నాటకమని వాళ్ళ మనిషే ఒప్పుకున్నాక ఇక ఆలోచించేదేముందన్నాడని, సోమవారం ఓటింగు పెట్టి లాండ్రీని అప్పజెప్పేస్తారని లీడరక్క వచ్చి చెప్పింది. చెప్పేటప్పుడు మా అత్త వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

మా అత్త నేరుగా నా కొట్టుకి వచ్చి బల్ల మీద కూర్చుంది. "ఇన్నేళ్ళు ఆ షెడ్డుని నా చేతులతో నిలబెట్టాను. నా నోటితో కూల్చేశాను" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడని అలా చూడటం నాకు చేతకాలేదు. జెరాక్స్ మిషన్ మూత తీసి ఉత్తినే తుడిచాను.

అంతలో మా ఆడపడుచు ఫోను. అటు నుంచి ఏడుపు నాకూ వినపడుతోంది. ఆ కథనం చూసి చానల్ పెద్దలు ఆయన్ని మెచ్చుకున్నారట, పెద్ద ఉద్యోగం ఇస్తామంటున్నారట. "గొడవ చేయకమ్మా, ఇంట్లో నేను వేగలేను" అంది. "అలాగే తల్లీ" అని పెట్టేసింది మా అత్త.

ఆదివారం ఆ ఇద్దరూ, చంటిదాన్నెత్తుకుని మా ఇంటికి వచ్చారు. అల్లుడుగారు అదే కుర్చీలో కూర్చున్నారు. ముఖం కాస్త చిన్నబోయి ఉంది గాని గొంతు మామూలే.

"చూడండి అత్తయ్యా, నేను కల్పించింది ఒక్క ముక్క లేదు. మీరన్నదే వేశాం."

"అవును బాబూ."

"నేను వేయకపోతే ఇంకొకడు వేస్తాడు. అయినా మీకు నష్టం జరగనిస్తానా? కాంట్రాక్టరు మనకి తెలిసినవాడే. మీ ఉద్యోగం అక్కడ ఖాయం చేయిస్తాను. మీరు చేయాల్సిందల్లా ఇంకో చిన్న ఇంటర్వ్యూ. యూనియన్ వాళ్ళు తప్పుదారి పట్టించారని, ఇప్పుడు నిజం తెలుసుకున్నానని అంటే చాలు. ప్రశ్నలు నేనే అడుగుతాను. మీరు ఊఁ అంటే సరిపోతుంది."

మా ఆయన పళ్ళు కొరుకుతూ పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను వంటగదిలోకి వచ్చేశాను, అక్కడే ఉంటే నా నోరు ఊరుకోదని. వెనకే కప్పులు కడిగే నెపంతో మా ఆడపడుచు వచ్చింది, ఆ వెనక మా అత్త. కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో మా ఆడపడుచు మెల్లగా అంది.

"అమ్మా, మొన్న ఫోనులో ఏడ్చాను గాని, నిన్ను టీవీలో చూసినప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. నువ్వు నాకోసమే ఆయనకి ఊఁ కొడుతున్నావని నాకెప్పుడో తెలుసు. నన్ను చూసి నువ్వు భయపడకు. నా సంగతి నేను చూసుకోగలను."

మా అత్త కూతురి ముఖంలోకి చాలాసేపు చూసింది. చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వెళ్ళింది. నేను గుమ్మం పక్కనే నిలబడి విన్నాను.

"అలాగే బాబూ, మీరన్నట్టే. కానీ ఒక్క కోరిక. రికార్డు చేసి తర్వాత వేసేది వద్దు. అప్పటికప్పుడు అందరికీ కనపడేది ఉంటుందే, అది పెట్టించండి. రేపు పొద్దున, గేటు దగ్గరే."

ఆయన ముఖం వెలిగిపోయింది. "లైవా? తప్పకుండా అత్తయ్యా. ఓటింగుకి ముందే పడుతుంది, ఇంకా మంచిది" అన్నాడు.

ఆ రోజు నేను మా అత్తతో మాట్లాడలేదు. కంచం పెట్టి పక్కకి వెళ్ళిపోయాను. ఇంత పిరికి మనిషి కిందా ఇన్నేళ్ళు నేను మడతలు నేర్చుకుంది అనిపించింది.

సోమవారం పొద్దున నేను లేచేసరికి ఆవిడ డ్యూటీ కోటు వేసుకుని ముక్కాలిపీట మీద నిలబడి ఉంది. గోడ గడియారం ముల్లు ముందుకి తిప్పుతోంది. కిందకి దిగి, పీట మూల పెట్టి, "మీ ఆయన్ని లేపు. బస్సుకి వేళయింది" అని వెళ్ళిపోయింది. నేను ఆ గడియారం వంక చూస్తూ నిలబడిపోయాను. తర్వాత కొట్టు తాళం కూడా తీయకుండా గేటు దగ్గరికి పరిగెత్తాను.

చానల్ బండిని చూడగానే టెంటులో వాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. లీడరక్క, "మళ్ళీనా తల్లీ? ఇంకా ఏం మిగిలిందని?" అంది. "ఒక్కసారి ఓపిక పట్టక్కా" అని మా అత్త వెళ్ళి కెమెరా ముందు నిలబడింది. నా కొట్టు పక్కనే టీ దుకాణం. దానిలో టీవీ ఉంది. దుకాణం ఆయన ఆ చానలే పెట్టి గొంతు పెంచాడు. అల్లుడుగారు చెవిలో ఏదో పెట్టుకుని, కాలరు సర్దుకుని మొదలుపెట్టారు.

"నిరసనలో పాల్గొని, ఆలస్యంగానైనా నిజం తెలుసుకున్న ఒక లాండ్రీ కార్మికురాలు ఇప్పుడు మనతో ఉన్నారు. అమ్మా, ఎవరో రమ్మంటేనే మీరు ఈ ధర్నాకి వచ్చారు కదా?"

"కాదు" అంది మా అత్త.

చిన్న మాట. మామూలు గొంతుతోనే అంది. టెంటులో తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. అల్లుడుగారి నవ్వు ఎక్కడిదక్కడే ఉండిపోయింది, పాపం దాన్ని తీయాలో ఉంచాలో ఆయనకి తెలియలేదు.

"అంటే... యూనియన్ వాళ్ళు మిమ్మల్ని తప్పుదారి పట్టించారు కదా?"

"కాదు బాబూ. దారి చూపించింది నేనే. టెంటుకి గుంజలు పాతింది కూడా నేనే."

"కానీ పేషెంట్లు ఇబ్బంది పడుతున్నారు కదా?"

"కాదు. థియేటర్ గుడ్డలు ఒక్కపూట ఆగలేదు. వంతులేసుకుని ఉతుకుతున్నాం. అదిగో ఆవిరి, ఇక్కడికే కనపడుతోంది. మొన్న మీరొచ్చినప్పుడూ కనపడింది. కెమెరా అటు తిప్పమనండి."

"థాంక్యూ అమ్మా" అని ఆయన మైకు వెనక్కి లాగాడు. రాలేదు. మా అత్త చెయ్యి దాని మీద ఉంది. ఇంకోసారి లాగాడు. ఎన్ని తడి దుప్పట్లు పిండిన చెయ్యో అది. మైకు ఇసుమంతైనా కదల్లేదు.

"మొన్న మీరడిగిన వాటన్నిటికీ మీరన్నట్టే అన్నాను" అంది ఆవిడ. కెమెరా వైపు కూడా చూడటం లేదు, ఆయన కళ్ళల్లోకే చూస్తోంది. "అది అబద్ధం. మర్యాదకి చెప్పిన అబద్ధం. మర్యాదకి చెప్తున్నానని మీకు తెలుసు. తెలిసీ ఇంకో రెండు అడిగారు. అడిగే పద్ధతి అదేనా బాబూ? మేం ఏం చేస్తున్నామో చూడరు, ఎందుకు కూర్చున్నామో వినరు. మా నోట్లో మీ మాట పెట్టి, అది బయటికొచ్చిందని లోకానికి చూపిస్తారు. మీరు చెప్పాలనుకుంది మీరే చెప్పుకోవచ్చు కదా, మధ్యలో మా ముఖాలెందుకు?"

ఆయనకి చెమటలు పట్టేశాయి. చెవిలో స్టూడియో వాళ్ళు అరుస్తున్నట్టున్నారు. ఒక అడుగు దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించి, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"అత్తయ్యా, వదలండి. నా ఉద్యోగం పోతుంది."

ఎంత మెల్లగా అంటే ఏం లాభం, అన్నది మైకులో. ముందు ఆయన నోట్లోంచి విన్నాం. ఒక్క గుక్క తర్వాత వెనక టీ దుకాణం టీవీలోంచి ఇంకా గట్టిగా, ఊరందరికీ వినపడేలా వచ్చింది. 'అత్తయ్యా, వదలండి. నా ఉద్యోగం పోతుంది.' టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు కింద పెట్టారు. ఎవరో పక్కుమని నవ్వి ఆపుకున్నారు.

"నాదీ పోతోంది బాబూ" అంది మా అత్త. "అందుకే పట్టుకున్నా."

కెమెరా అతను ఎవరూ చెప్పకుండానే కెమెరాని ఆయన మీద నుంచి తిప్పి, గోడ మీదుగా లేస్తున్న లాండ్రీ ఆవిరి వైపు పెట్టాడు. కాసేపు టీవీలో అదే కనపడింది. అంతలో స్టూడియో వాళ్ళు తేరుకున్నట్టున్నారు, సబ్బు ప్రకటన వేసేశారు. అప్పుడు మైకు వదిలింది మా అత్త. వెనక్కి వచ్చి చాప మీద కూర్చుంది. ఈసారి లీడరక్క జరిగి మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది. నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

ఆ రోజు ఓటింగు జరగలేదు. మరింత అధ్యయనం చేయాలన్నారు. ఆ అధ్యయనం ఇంకా నడుస్తూనే ఉంది, లాండ్రీ కూడా నడుస్తూనే ఉంది. టెంటు తీసి బాయిలర్ పక్కన అందుబాటులో పెట్టుకున్నారు, మా అత్త మడతలోనే. మళ్ళీ విప్పాల్సి రావచ్చని వాళ్ళకి తెలుసు.

అల్లుడుగారి ఉద్యోగం పోలేదు. చానల్ వాళ్ళు ఆయన్ని కొన్నాళ్ళు వాతావరణ వార్తలకి పంపించారు. అక్కడ ఎవర్నీ ప్రశ్నలు అడిగే పని లేదు. మా ఆడపడుచుకీ ఆయనకీ మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు, తను చెప్పలేదు. ఒంటరిగా పిల్లనెత్తుకుని నాలుగైదుసార్లు వచ్చింది, వచ్చినప్పుడల్లా ముద్ద బాగానే దిగింది. మా అత్త కూతుర్ని ఒక్క మాట అడగలేదు గాని, చూపు మాత్రం దాని మీద నుంచి తిప్పేది కాదు.

తర్వాత ఒకరోజు ఆయనా వచ్చాడు. అదే కుర్చీలో, కాస్త అంచున కూర్చున్నాడు. నేను టీ ఇచ్చాను. కలిపింది మాత్రం మా అత్తే, నేను కలపనన్నాను. ఒక గుక్క తాగి, పాత అలవాటు కొద్దీ, "పంచదార ఎక్కువైనట్టుంది అత్తయ్యా" అన్నాడు.

"కాదు బాబూ. సరిగ్గానే ఉంది."

ఆయన ఇంకో గుక్క తాగాడు. ఎటు చూడాలో తెలియక తలెత్తి గోడ గడియారం వైపు చూశాడు. తన వాచీ చూసుకున్నాడు. మళ్ళీ గడియారం వైపు చూసి ఏదో అనబోయి, మా అత్త ముఖం చూసి ఆగిపోయాడు. తర్వాత తల వంచుకుని, ఎవరూ చూడటం లేదనుకుని, వాచీ ముల్లు పది నిమిషాలు ముందుకి తిప్పుకున్నాడు.